గోరా (గోపరాజు రామచంద్రరావు)

గోరాగా ప్రసిద్ధుడైన గోపరాజు రామచంద్రరావు (నవంబరు 15, 1902 - జూలై 26, 1975) సంఘ సంస్కర్త, భారత స్వాతంత్ర్య సమరయోధుడు, నాస్తికవాద ప్రచారకుడు. అస్పృశ్యతా నివారణకు, కులమత భేదాల నిర్మూలనకు జీవితాంతం కృషి చేశాడు. భార్య సరస్వతీ గోరాతో కలసి 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రాన్ని స్థాపించాడు. దైవవిశ్వాసమే ప్రాణంగా జీవించిన మహాత్మా గాంధీతో 1944 నుండి ఈయన జరిపిన చర్చలు, ఆస్తిక నాస్తిక వాదాల చరిత్రలో ప్రత్యేక స్థానం సంపాదించుకున్నాయి. ఇంటి పేరులోని మొదటి అక్షరాన్ని, సొంత పేరులోని మొదటి అక్షరాన్ని కలిపి గోరా అనే పేరు ఏర్పడింది. (ఆంధ్రభూమి సంపాదకుడైన గోరాశాస్త్రి వేరే వ్యక్తి. ఆయన అసలు పేరు గోవిందు రామశాస్త్రి.)

బాల్యం, విద్యాభ్యాసం

గోరా 1902 నవంబరు 15న గంజాం జిల్లా ఛత్రపురంలో ఒక సనాతన బ్రాహ్మణ కుటుంబంలో జన్మించాడు. అప్పటికి ఒరిస్సా రాష్ట్రం ఏర్పడలేదు. గంజాం జిల్లా మద్రాసు ప్రెసిడెన్సీలో భాగంగా ఉండేది. ఆచార వ్యవహారాలను నిష్ఠతో పాటించే ఇంట పుట్టి పెరిగిన గోరా, యౌవనారంభం వరకు దైవభక్తి కలవాడే.

కాకినాడ పిఠాపురం రాజా కళాశాలలో చదివి, ఆ తరువాత మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో వృక్షశాస్త్రం అభ్యసించి పట్టా పొందాడు. పిఠాపురం రాజా కళాశాలకు 1904 నుండి 1919 వరకు ప్రిన్సిపాలుగా ఉన్న రఘుపతి వెంకటరత్నం నాయుడు బ్రహ్మసమాజ నాయకుడు. కందుకూరి వీరేశలింగం వలెనే ఆయన కూడా ఏకేశ్వరోపాసన పునాదిగా సంఘ సంస్కరణ సాగించాడు. ఆ కాలపు ఆంధ్రదేశంలో సంస్కర్తలలో ఎక్కువమంది మూఢాచారాలను ఖండించినవారే గాని దేవుని నిరాకరించినవారు కారు. దైవభావాన్నే ప్రశ్నించిన గోరా మార్గం అందువలన వారి మార్గానికి భిన్నమైనది.

1922లో గోరాకు సరస్వతితో వివాహం జరిగింది. 1912లో విజయనగరంలో జన్మించిన ఆమెకు అప్పటికి పదేళ్ళు. బాల్యవివాహంగా మొదలైన ఈ దాంపత్యం తరువాతి కాలంలో సహధర్మచారిత్వానికి మించి, ఒకే ఉద్యమంలో సమాన భాగస్వామ్యంగా మారింది.

ఉద్యోగ జీవితం

1925లో మధురలోని అమెరికన్ కళాశాలలో గోరా వృక్షశాస్త్ర ఉపన్యాసకుడిగా చేరాడు. అది క్రైస్తవ మిషనరీల కళాశాల. క్రైస్తవ మతం స్వీకరించినట్లయితే అమెరికాలో ఉన్నత విద్యకు పంపుతామని అక్కడివారు చెప్పగా, గోరా నిరాకరించాడు. మతం మారడానికి ఒక కారణం ఉండాలి గదా, ఆ కారణం చదువు కావచ్చునా అన్న ప్రశ్న నుండి, తాను పుట్టిన మతంలో కొనసాగడానికి మాత్రం కారణమేమిటనే ప్రశ్నకు ఆయన ఆలోచన సాగింది. దైవభావాన్ని గురించిన ఆయన పునర్విచారణ ఈ కాలంలోనే మొదలయింది.

అటు పిమ్మట కోయంబత్తూరులోని వ్యవసాయ పరిశోధనా సంస్థలో పత్తిపై పరిశోధన చేశాడు. 1927లో సింహళానికి వెళ్ళి, కొలంబోలోని ఆనంద కళాశాలలో పనిచేశాడు. ఇది బౌద్ధుల విద్యాసంస్థ. 1928లో తిరిగివచ్చి తాను చదివిన పిఠాపురం రాజా కళాశాలలోనే అధ్యాపకుడయ్యాడు. ఈ విధంగా వివిధ మతాల వారి మధ్య పనిచేయడం వలన ఒక్కొక్క మతంలోని విశ్వాసాన్నీ దగ్గరగా పరిశీలించే అవకాశం ఆయనకు కలిగింది.

ఈ సంవత్సరాలలోనే గోరా దంపతులు మూఢనమ్మకాలను స్వయంగా పరీక్షించి చూడడం ప్రారంభించారు. దయ్యాలు ఉన్నాయని అందరూ విడిచిపెట్టిన ఇళ్ళలో కాపురం ఉన్నారు. గర్భవతులు గ్రహణం చూడరాదనే నమ్మకాన్ని కాదని, గర్భవతిగా ఉన్న సరస్వతి కొలంబోలో గ్రహణ సమయాన ఆరుబయట తిరిగింది. బిడ్డకు ఏ లోపమూ కలుగలేదు. నమ్మకాన్ని మాటతో ఖండించడం కంటే, దానిని ధిక్కరించి ఫలితాన్ని నలుగురికీ చూపడమే మేలన్న పద్ధతి గోరాకు ఇక్కడ అలవడింది. వృక్షశాస్త్రజ్ఞుడు ప్రయోగశాలలో చేసే పనిని ఆయన ఇంటిలో, వీధిలో చేశాడని చెప్పవచ్చు.

1928లో గోరా యజ్ఞోపవీతాన్ని విసర్జించాడు. ఇందువలన కుటుంబం నుండి, కులం నుండి బహిష్కారానికి గురయ్యాడు. తండ్రి ఇంటిని విడిచి భార్యతో వేరుగా ఉండవలసి వచ్చింది. దైవభావాన్ని విమర్శిస్తూ కళాశాల పత్రికలో వ్రాసిన వ్యాసం కారణంగా 1933లో ఉద్యోగం కూడా పోయింది. 1934లో మచిలీపట్నం హిందూ కళాశాలలో చేరి, అక్కడ కూడా తన భావాలను దాచుకొనక, విద్యార్థులతో కలసి చుట్టుపక్కల హరిజనవాడలలో వయోజన విద్య, సహపంక్తి భోజనాలు మొదలైన కార్యక్రమాలు నడిపించాడు. 1940లో ఉద్యోగాన్ని పూర్తిగా వదులుకొన్నాడు. ఆ తరువాత మరల జీతానికి అధ్యాపక వృత్తి చేపట్టలేదు.

నాస్తిక కేంద్రం

ముదునూరు గ్రామానికి చెందిన స్వాతంత్ర్య సమరయోధుడు అన్నే అంజయ్య మొదలైనవారి ఆహ్వానంపై గోరా కుటుంబంతో ఆ గ్రామానికి చేరుకున్నాడు. 1940 ఆగస్టు 10న అక్కడ నాస్తిక కేంద్రం మొదలయింది. గ్రామస్థులు ఇచ్చిన సహకారంతో పూరిపాకలలో నివసిస్తూ, రాత్రి బడులు, సహపంక్తి భోజనాలు, అస్పృశ్యతా నివారణ, గ్రామ పారిశుద్ధ్యం వంటి పనులు చేపట్టారు. దేవుడు లేడని బోధించే వ్యక్తి ఊరికి అరిష్టమని భయపడినవారు కూడా క్రమంగా ఆ పనులలో పాలుపంచుకున్నారు.

సహపంక్తి భోజనాలు ఆ రోజులలో చిన్న విషయం కాదు. ఒకే బావి నీరు త్రాగడానికి వీలులేని కాలంలో, అన్ని కులాలవారు ఒకే పంక్తిలో కూర్చొని తినడం అంటే ఇంటికి తిరిగివెళ్ళిన తరువాత బంధువులకు సమాధానం చెప్పుకోవలసిన పని. గోరా దీనిని ఉత్సవంగా గాక, నియతంగా జరిగే కార్యక్రమంగా నడిపించాడు.

1942లో క్విట్ ఇండియా ఉద్యమంలో పాల్గొని గోరా జైలుకు వెళ్ళాడు. సరస్వతి కూడా చంటిబిడ్డతో సహా జైలుశిక్ష అనుభవించింది. స్వాతంత్ర్యం వచ్చిన 1947లో నాస్తిక కేంద్రాన్ని ముదునూరు నుండి విజయవాడ సమీపంలోని పటమటకు మార్చారు. పటమట తరువాతి కాలంలో విజయవాడ నగరంలో కలసిపోయింది.

గాంధీతో పరిచయం

గోరా 1930లో గాంధీకి ఒక ఉత్తరం వ్రాసి, దేవుడు అనే మాటను ఆయన ఏ అర్థంలో వాడుతున్నదీ తెలుపవలసినదిగా కోరాడు. దేవుడు మానవుని గ్రహణశక్తికి అతీతుడన్న భావంతో గాంధీ క్లుప్తంగా సమాధానం పంపాడు. ఈ సమాధానం గోరాను తృప్తిపరచలేదు. గ్రహణశక్తికి అందనిదానిని ఆధారం చేసుకొని గ్రహణశక్తికి అందే సమస్యలను ఎట్లా పరిష్కరించగలమన్నది ఆయన సందేహం.

1941 సెప్టెంబరులో గోరా మరల వ్రాశాడు. ముదునూరు ప్రాంతంలో అస్పృశ్యతా నివారణకు నాస్తిక దృక్పథం ఉపయోగపడుతున్నదని వివరించి, స్వయంగా కలసి మాట్లాడే అవకాశం కోరాడు. నాస్తికత్వం ఆత్మను నిరాకరించడమేనని, దాని ప్రచారంలో ఇంతవరకు ఎవరూ కృతకృత్యులు కాలేదని, గోరా పొందిన విజయానికి కారణం ఆయన చిత్తశుద్ధితో చేసిన సేవయే గాని నాస్తికత్వం కాదని గాంధీ బదులు వ్రాశాడు. మాట్లాడడానికి తనకు వ్యవధి లేదని కూడా తెలిపాడు.

ఈ జవాబులోనే ఆస్తిక నాస్తిక వివాదంలోని చిక్కుముడి కనిపిస్తుంది. గోరా చేసిన మంచి పనికి మూలం నాస్తికత్వం కాదని గాంధీ భావించాడు. గాంధీ వంటి ఆస్తికులు చేసిన గొప్ప పనులకు మూలం వారి దైవభక్తి కాదని, దేవునిపై భారం వేయకుండా వారు స్వయంగా పూనుకొనడమేనని గోరా భావించాడు. ఎదుటివానిలోని మంచిని ఇద్దరూ అంగీకరించారు. ఆ మంచికి కారణం చెప్పడంలోనే భేదించారు. ఇటువంటి భేదాన్ని తర్కంతో తేల్చడం కష్టం కనుక, తరువాతి వారి చర్చలు తర్కం నుండి ఆచరణ వైపు మళ్ళాయి.

సేవాగ్రాంలో చర్చలు

1944లో గాంధీ జైలు నుండి విడుదలైన తరువాత, గోరా సహచరుడు ఒకడు సేవాగ్రాం వెళ్ళి ఆయనను కలసి ముదునూరు కార్యక్రమాలను గురించి చెప్పాడు. దీనితో గాంధీ గోరాను పిలిపించాడు. 1944 నవంబరు చివరలో గోరా సేవాగ్రాం చేరుకున్నాడు.

మొదటి పలకరింపులోనే గాంధీ, దేవుడు లేనివానితో తాను ఏమి మాట్లాడగలనని చమత్కరించాడు. గోరా నవ్వి, తాను దేవుడు లేనివాడను కానని, నాస్తికుడనని సమాధానం చెప్పాడు. ఆ రెండింటికీ భేదమేమిటని గాంధీ అడుగగా, దేవుడు లేకపోవడం కేవలం అభావమని, నాస్తికత్వం ఒక భావాత్మకమైన జీవన విధానమని గోరా వివరించాడు. తరువాతి కాలంలో ఆయన ప్రతిపాదించిన సిద్ధాంతానికంతటికీ ఈ భేదమే మూలం.

నాస్తికత్వం దేనికి అవసరమని గాంధీ ప్రశ్నించినపుడు గోరా కలకత్తాలో తాను చూసిన కరువు దృశ్యాన్ని వర్ణించాడు. 1943లో వచ్చిన బెంగాలు క్షామంలో లక్షలాది ప్రజలు మరణించారు. మిఠాయిలు, పండ్లు నిండిన అంగళ్ళ ప్రక్కనే ఆకలితో మనుషులు నేలకొరగడం గోరా చూశాడు. ఆ స్థితిలో ఒక ఎద్దుగాని కుక్కగాని ఉంటే ఎదుటనున్న ఆహారాన్ని అందుకొని ఉండేది. మనిషి మాత్రం అది తన కర్మ అనుకొని చనిపోయాడు. అంగడివాడు కూడా అది వాని కర్మ అనుకొని చూస్తూ ఊరకున్నాడు. ఈ విధంగా దైవభావం పేదవానిలోని తిరుగుబాటును, ధనవంతునిలోని జాలిని ఒకేసారి చంపుతున్నదని గోరా వాదించాడు. ఆయన దృష్టిలో దేవుడు ఉన్నాడా లేడా అన్నది తత్వశాస్త్ర సమస్య కాదు, అన్నానికీ సమానత్వానికీ సంబంధించిన సమస్య.

గాంధీ ఈ మాటలను ఓపికగా విన్నాడు. తన ఆస్తికత్వమే ఒప్పని గాని గోరా నాస్తికత్వం తప్పని గాని తాను చెప్పలేనని, ఇద్దరూ సత్యాన్వేషకులేనని, తన పొరపాటు తెలిసిన నాడు మార్చుకొనడానికి సిద్ధమేనని తెలిపాడు. గోరా పని ఏ ఫలితాలిస్తుందో చూడాలని ఆసక్తి చూపాడు. ఉత్తరాలలో వ్యవధి లేదన్న వ్యక్తి, ముఖాముఖిగా మాట్లాడిన తరువాత మరల మరల సమయం కేటాయించాడు.

గాంధీ వైఖరికి పూర్వరంగం కూడా ఉన్నది. దేవుడే సత్యమని మొదట చెప్పిన గాంధీ, 1931 నాటికి సత్యమే దేవుడని చెప్పసాగాడు. దేవుని కాదనేవారు ఉన్నారు గాని సత్యాన్ని కాదనేవారు లేరన్న ఆలోచన ఈ మార్పుకు కారణం. నాస్తికులకు కూడా ఇందులో చోటున్నది. అయితే 1934 జనవరిలో బీహారు భూకంపం సంభవించినపుడు, అది అస్పృశ్యతా పాపానికి దేవుడు విధించిన శిక్ష అని గాంధీ ప్రకటించగా, రవీంద్రనాథ టాగూరు ఆ వాదాన్ని అశాస్త్రీయమని బహిరంగంగా విమర్శించాడు. అస్పృశ్యత పోవాలన్న విషయంలో వారిరువురికీ భేదం లేదు. మంచి లక్ష్యానికైనా ఆధారంలేని కారణాన్ని చెప్పవచ్చునా అన్నదే వివాదాంశం. గోరా, గాంధీ చర్చలలో కూడా అంతర్లీనంగా ఉన్నది ఇదే ప్రశ్న.

మనోరమ వివాహం

గోరా తన పెద్ద కుమార్తె మనోరమకు హరిజన యువకుడైన అర్జునరావుతో వివాహం జరపాలని నిశ్చయించాడు. సేవాగ్రాంలో ఈ వివాహం జరిపించడానికి గాంధీ అంగీకరించాడు. మనోరమ చిన్నది కనుక రెండేళ్ళు ఆగాలని, ఆ కాలంలో అర్జునరావు ఆశ్రమంలో ఉండి శిక్షణ పొందాలని సూచించాడు. గోరా నాస్తికుడు కనుక వివాహ విధిలో దేవుని ప్రసక్తి ఉండరాదు. గాంధీ ఇందుకు సమ్మతించి, దేవుని పేరుకు బదులు సత్యం పేరిట ప్రమాణం చేయించడానికి ఒప్పుకున్నాడు.

1948 జనవరి 30న గాంధీ హత్యకు గురయ్యాడు. అయినప్పటికీ ముందుగా అనుకున్న ప్రకారమే 1948 మార్చిలో సేవాగ్రాం ఆశ్రమంలో వివాహం జరిగింది. గాంధీ సత్యాన్ని దేవుడన్నాడు, గోరా దేవుని విడిచి సత్యాన్ని మాత్రం తీసుకున్నాడు. వాదంలో ఎన్నడూ కలవని ఆ రెండు మార్గాలు ఒక పెళ్ళిపందిరిలో కలిశాయి.

1960లో గోరా పెద్ద కుమారుడు లవణం, మహాకవి గుర్రం జాషువా కుమార్తె హేమలతను వివాహమాడాడు. కులం కారణంగా ఎన్నో అవమానాలు భరించిన జాషువాకు గోరా వియ్యంకుడయ్యాడు.

నాస్తికత్వంపై గోరా భావాలు

గోరా తన సిద్ధాంతాన్ని భావాత్మక నాస్తికత్వం అని వర్ణించాడు. దేవుడు లేడని నిరూపించడంతో నాస్తికుని పని పూర్తికాదని, అక్కడి నుండే మొదలవుతుందని ఆయన అభిప్రాయం. ఆయన భావాలలో ముఖ్యమైనవి:

స్వేచ్ఛ: మనిషి తన చర్యలకు తానే కర్త. విధి, కర్మ, దైవసంకల్పం అనే భావాలు ఈ ఎరుకను కప్పివేస్తాయి. తనకంటే పైనున్న ఏ శక్తికైనా, అది దేవుడైనా ప్రభుత్వమైనా, దాసోహమనే మనస్తత్వాన్ని గోరా ఆస్తికత్వంగానే పరిగణించాడు.

నీతి: దేవుని భయం లేకపోతే నీతి నిలువదన్నది ఆస్తికుల ప్రధాన ఆక్షేపణ. మనుషులు కలసి జీవించాలంటే నీతి అవసరమని, శిక్షకు భయపడి చేసే మంచి కంటే బాధ్యత తెలిసి చేసే మంచి స్థిరమైనదని గోరా సమాధానం. రహస్యజీవితం, బహిరంగజీవితం అనే భేదం లేకుండా బ్రతకడమే నీతికి కొలత అని ఆయన చెప్పాడు.

సమానత్వం: హిందువు, ముస్లిము, క్రైస్తవుడు అనే ముద్రలు తొలగి మనిషి అనే గుర్తింపు మిగిలినపుడే అస్పృశ్యత సమూలంగా పోతుంది. హరిజనులను హిందూ సమాజంలో గౌరవంగా కలుపుకొనాలన్న గాంధీ మార్గానికి, మతముద్రనే తొలగించాలన్న గోరా మార్గానికి ఇక్కడ స్పష్టమైన భేదం ఉన్నది.

ఈ భావాలు ఆస్తికుల నుండే గాక ఇతర నిరీశ్వరవాదుల నుండి కూడా గోరాను వేరు చేశాయి. త్రిపురనేని రామస్వామి చౌదరి (1887-1943) పురాణాలను తిరగవ్రాసి హేతువాదాన్ని ప్రచారం చేశాడు. గోరా గ్రంథవిమర్శ కంటే ఆచరణకు ప్రాధాన్యమిచ్చాడు. ఆర్థిక పరిస్థితులు మారితే మతం దానంతటదే క్షీణిస్తుందని మార్క్సిస్టులు భావించగా, మనిషిలోని దాస్యభావం పోనిదే ఆర్థిక సమానత్వం రాదని గోరా వాదించాడు.

దుఃఖంలో ఉన్నవానికి దైవభక్తి ఓదార్పునిస్తుంది గదా, దానిని ఎందుకు తీసివేయాలన్నది విశ్వాసుల మరొక ప్రశ్న. సాటి మనిషి ఇవ్వవలసిన ఓదార్పును, సాయాన్ని దేవునికి వదలివేయడం వలననే ఆ అవసరం కలుగుతున్నదని గోరా జవాబు. ఇది అందరినీ ఒప్పించిందని చెప్పలేము. మరణం వంటి దుఃఖాలకు సాంఘిక పరిష్కారం లేదని విశ్వాసులు భావిస్తారు. అయితే ఆయన కార్యక్రమాలలో ఆస్తికులు కూడా పెద్దసంఖ్యలో పాల్గొన్నారు. దేవుని విషయమై భేదాభిప్రాయం ఉన్నవారు ఒక బావి త్రవ్వడంలో కలసి పనిచేయవచ్చునని ఆయన నమ్మాడు.

పార్టీరహిత ప్రజాస్వామ్యం

స్వాతంత్ర్యానంతరం గోరా కాంగ్రెసుకు దూరమై పార్టీరహిత ప్రజాస్వామ్యాన్ని ప్రతిపాదించాడు. పార్టీ ఆజ్ఞకు కట్టుబడిన ప్రతినిధి తనను ఎన్నుకొన్న ప్రజలకు బాధ్యుడు కాలేడని ఆయన వాదన. 1952, 1967 ఎన్నికలలో పార్టీరహిత అభ్యర్థిగా పోటీ చేసి ఓడిపోయాడు. ప్రజల సేవకులైన మంత్రులు ఆడంబరాలను విడనాడి సామాన్యులవలె జీవించాలని కోరుతూ 1961-62లో అనుచరులతో సేవాగ్రాం నుండి ఢిల్లీకి పాదయాత్ర చేశాడు. ఆహారకొరత ఉన్న దేశంలో ప్రభుత్వ తోటలలో అలంకరణ మొక్కల బదులు కూరగాయలు పెంచాలని 1968లో సత్యాగ్రహం నడిపించాడు. పూలమొక్కలను పెరికి కూరగాయ మొక్కలు నాటే ఈ కార్యక్రమం వృక్షశాస్త్రజ్ఞునికి తగినదే అయినా, అప్పట్లో పరిహాసానికి కూడా గురయింది.

ఇతర కార్యక్రమాలు

1969లో స్త్రీల, బాలల సంక్షేమం కోసం వాసవ్య మహిళామండలి ఏర్పడింది. వాస్తవికత, సంఘదృష్టి, వ్యక్తిత్వం అనే మూడు మాటల మొదటి అక్షరాలతో ఈ పేరు పెట్టారు.

1970లో, 1974లో గోరా ప్రపంచయాత్రలు చేసి అనేక దేశాలలోని నాస్తిక, మానవవాద సంస్థలవారిని కలుసుకున్నాడు. 1972 డిసెంబరులో విజయవాడలో మొదటి ప్రపంచ నాస్తిక మహాసభ జరిగింది. అదే సంవత్సరం గోమాంసం, పందిమాంసం కలసి భుజించే కార్యక్రమాన్ని ఏర్పాటు చేశాడు. హిందువులు ఒకదానిని, ముస్లిములు మరొకదానిని నిషిద్ధంగా భావిస్తారు కనుక, ఆహారనిషేధాల ద్వారా ఏర్పడిన మతభేదాన్ని తొలగించడం దీని ఉద్దేశం. ఈ కార్యక్రమం తీవ్రమైన వ్యతిరేకతను ఎదుర్కొన్నది. విశ్వాసి మనసు నొప్పించకుండా విశ్వాసాన్ని ప్రశ్నించడం సాధ్యమా అన్న చర్చకు ఇది నేటికీ ఉదాహరణగా నిలుస్తుంది. సేవాగ్రాంలో సౌమ్యంగా వాదించిన గోరాకు ఇది మరొక పార్శ్వం.

కుటుంబం

గోరా, సరస్వతి దంపతులకు తొమ్మిదిమంది సంతానం. పిల్లలకు దేవతల పేర్లు గాక, కాలాన్ని, ఉద్యమాన్ని సూచించే పేర్లు పెట్టారు. ఉప్పు సత్యాగ్రహం జరిగిన 1930లో పుట్టిన కుమారునికి లవణం అని, రెండవ ప్రపంచయుద్ధ కాలంలో పుట్టిన కుమారునికి సమరం అని, తొమ్మిదవ సంతానానికి నౌ అని పేర్లు పెట్టడం ఇందుకు ఉదాహరణలు.

లవణం (1930-2015) వినోబా భావే ఆంధ్రదేశ పర్యటనలలో ఆయన ప్రసంగాలను తెలుగులోకి అనువదించాడు. భార్య హేమలతతో కలసి స్టూవర్టుపురంలో నేరస్థులుగా ముద్రపడినవారి పునరావాసానికి, నిజామాబాదు ప్రాంతంలో జోగిని దురాచార నిర్మూలనకు కృషి చేశాడు. హేమలతా లవణం 2008లో మరణించింది. కుమార్తె చెన్నుపాటి విద్య విజయవాడ నుండి రెండు పర్యాయాలు లోక్‌సభకు ఎన్నికయింది. ఆమె 2018లో మరణించింది. కుమారుడు సమరం వైద్యునిగా, ఆరోగ్య విషయాల రచయితగా తెలుగు పాఠకులకు సుపరిచితుడు.

రచనలు

గోరా తెలుగులోను, ఆంగ్లంలోను రచనలు చేశాడు. 1949లో సంఘం అనే తెలుగు పత్రికను, 1969లో ది ఎథీస్ట్ అనే ఆంగ్ల మాసపత్రికను ప్రారంభించాడు. ముఖ్యమైన గ్రంథాలు:

ఏన్ ఎథీస్ట్ విత్ గాంధీ (1951) - గాంధీతో తన చర్చలను వివరించే ఆంగ్ల గ్రంథం. గాంధీ స్థాపించిన నవజీవన్ సంస్థ అహమ్మదాబాదు నుండి దీనిని ప్రచురించింది. గాంధీ అనుచరుడైన కిశోరలాల్ మష్రువాలా పీఠిక వ్రాశాడు. నాస్తికుని గ్రంథాన్ని గాంధీ సంస్థయే ప్రచురించడం విశేషం.

పాజిటివ్ ఎథీజం (1972) - తన సిద్ధాంతాన్ని క్రమబద్ధంగా వివరించిన గ్రంథం.

ఉయ్ బికం ఎథీస్ట్స్ (1975) - తన జీవితాన్ని, ఆలోచనల పరిణామాన్ని తెలిపే గ్రంథం.

మరణం, అనంతర కాలం

1975 జూలై 26న విజయవాడలో ఒక బహిరంగసభలో ప్రసంగిస్తూ గోరా కుప్పకూలి మరణించాడు. అప్పటికి ఆయన వయస్సు 72 సంవత్సరాలు.

ఆయన మరణానంతరం సరస్వతీ గోరా నాయకత్వంలో నాస్తిక కేంద్రం కార్యక్రమాలు కొనసాగాయి. 1977 నవంబరు 19న దివిసీమలో ఉప్పెన వచ్చి వేలాదిమంది మరణించినపుడు కేంద్రం కార్యకర్తలు సహాయ, పునరావాస కార్యక్రమాలలో పాల్గొన్నారు. 1980లో రెండవ ప్రపంచ నాస్తిక మహాసభ కూడా విజయవాడలోనే జరిగింది. 1986లో నాస్తిక కేంద్రానికి అంతర్జాతీయ మానవవాద పురస్కారం లభించింది. గోరా శతజయంతి సందర్భంగా 2002లో భారత తపాలాశాఖ ఆయన స్మారక తపాలా బిళ్ళను విడుదల చేసింది. సరస్వతీ గోరా 2006 ఆగస్టు 19న 93 ఏళ్ళ వయస్సులో విజయవాడలో మరణించింది.

గోరా, గాంధీల మధ్య వాదం ఎవరి గెలుపుతోనూ ముగియలేదు. గాంధీ చివరివరకు ఆస్తికుడు, గోరా చివరివరకు నాస్తికుడు. ఒకరినొకరు మార్చుకోలేకపోయినా, ఎదుటివాని మాటను అతని పనితో పోల్చి చూచుట, ఏకీభావం కుదిరిన మేరకు కలసి పనిచేయుట అనే రెండు నియమాలను వారు పాటించారు. కులాంతర వివాహాల, సహపంక్తి భోజనాల చరిత్రలో ఆ నియమాల ఫలితం కనిపిస్తుంది.